కాశీకి వెళ్ళిన నా గొడుగు

ఆ రోజుల్లో నాకు లోకంలో మనుషులు రెండే రకాలుగా కనిపించేవారు: వెలుగు సరిగ్గా పడ్డవాళ్ళు, పడనివాళ్ళు. ఎవరు మాట్లాడుతున్నా మాట వినేవాణ్ణి కాదు, ముక్కు నీడ ఎటు పడుతోందో చూస్తుండేవాణ్ణి. తెనాలిలో మేం రోజూ తినే టిఫిన్ సెంటరాయన్ని "కాస్త కిటికీ వైపు తిరగండి, వెలుతురు బాగుంది" అన్నందుకు ఆయన చట్నీ వెయ్యకుండానే ప్లేటు చేతికిచ్చి పంపించాడు. చదువు అయిందనిపించి, ఫోనులో లైటింగు పాఠాల వీడియోలు చూస్తూ, బుర్రలో ఉన్నదానికీ చేతిలో ఉన్నదానికీ ఎక్కడా పొంతన లేకుండా తిరిగిన కాలం అది. బుర్రలో ఉన్నవి గొప్ప గొప్ప పెళ్ళిఫోటోలు. చేతిలో ఉన్నది మా బాబాయి స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోల పని. (స్టూలు మీద కూర్చునేది వచ్చినవాళ్ళే గానీ దానికి అతుక్కుపోయింది మాత్రం నేను.) బంధువుల్లో నాకు పేరే "పాస్‌పోర్టు" అయిపోయింది. "పాస్‌పోర్టూ, భోంచేశావా?" అని అత్తయ్యలు ప్రేమగా అడుగుతుంటే అన్నం గొంతు దిగేది కాదు.

బాబాయిది ఒకటే సిద్ధాంతం: ఫ్లాషు కెమెరా నెత్తిన పెట్టు, మొహం మీదికి డైరెక్టుగా కొట్టు. ఆయన తీసిన ఫోటోల్లో తెనాలి పెళ్ళికూతుళ్ళందరి బుగ్గలూ సున్నం వేసిన గోడల్లా మెరిసేవి. వెనక గోడమీద పెళ్ళికూతురి నీడ ఇంకో పెళ్ళికూతురిలా నిలబడేది. ఒకసారి ఒక ఆల్బములో ఆ నీడను చూపించి "ఈవిడెవరండి, మావైపు వాళ్ళలా లేదే" అని ఓ పెద్దాయన అడిగాడని పిన్ని చెప్తుంది, నిజమో కాదో తెలియదు. అయినా జనానికి బాబాయి ఫోటోలంటే ఇష్టం. అందరూ కనిపిస్తారు, కళ్ళు తెరుచుకుని ఉంటారు, అంతకన్నా ఏం కావాలి. నాకు మాత్రం ఆ ఫోటోలు చూస్తే ఒళ్ళు మండిపోయేది. వెలుగు మెత్తగా ఉండాలి, లైటును కెమెరా మీంచి దించి పక్కన పెట్టాలి, దానికి తగ్గ సరంజామా తగిలించాలి అని రోజూ పోరు పెట్టేవాణ్ణి.

చివరికి పిన్ని నా పక్షాన నిలబడింది. రేపల్లెలో వాళ్ళన్నయ్య కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకుది బాపట్ల. "ఈ పెళ్ళి వాడి చేత తీయించండి, మనవాళ్ళే కదా, తిట్టినా మనల్నే తిడతారు" అని వాదించింది. బాబాయి రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడో రోజు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు.

"సరే, నువ్వే తియ్యి. బాగా వస్తే ఇకనుంచి పెళ్ళిళ్ళన్నీ నీవే. రాకపోతే మాత్రం వెలుగు, నీడ అని ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకూడదు. నోరు మూసుకుని, చెవులు రెండూ కనపడేట్టు పాస్‌పోర్టులు తీసుకోవాలి."

జన్మంతా జనాల చెవులు చూస్తూ బతకడం తలుచుకుంటే నాకు చెమటలు పట్టాయి.

ముందు లైటు తెప్పించాను, బ్యాటరీతో నడిచే స్టూడియో ఫ్లాషు. కల్యాణ మండపాల్లో ఉన్న ఒక్క ప్లగ్గు కోసం వీడియో అతనూ, సన్నాయి మైకు అతనూ, కూలర్ పెట్టినతనూ కొట్టుకుంటుంటారు కాబట్టి మనకి ఎవరి దయా అక్కర్లేని లైటు ఉండాలని నా ఆలోచన. బాబాయి పెట్టె మీద చదివి, రెండొందల వాట్లేనా అని పెదవి విరిచాడు. మండపం గుమ్మంలో ఫోకస్ లైటే వెయ్యి వాట్లుంటుందట. అది వాట్ కాదు బాబాయ్, వాట్ సెకను అన్నాను. "సెకనే వెలుగుతుందా? మరి మిగతా టైములో?" అన్నాడు. సెకను కూడా వెలగదు, అందులో వెయ్యోవంతు వెలుగుతుంది అని చెప్పాక ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. లైటు కొంటే వెలగాలి గదా అన్న బాధ ఆ చూపులో ఉంది.

ఇక దానికి తగిలించేది ఏంటన్నది అసలు సమస్య. బాపట్లలో నాకు తెలిసిన ఒక సీనియర్ ఉండేవాడు. పొద్దున్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే, తన దగ్గరున్నవన్నీ ఒక గోతాంలో వేసి, పరీక్ష చేసుకుని నాలుగురోజుల్లో తెచ్చియ్యమన్నాడు. అందులో ఒక సాఫ్ట్‌బాక్సు, అంటే నల్లటి గుడ్డ డేరా, ముందు తెల్ల పరదా. ఒక బ్యూటీ డిష్షు, అంటే లోపల తెల్లరంగు వేసిన పెద్ద రేకు పళ్ళెం. రెండు గొడుగులు, ఒకటి పూర్తిగా తెల్లది, ఇంకోటి బయట నలుపు, లోపల వెండిరంగు. గొడుగు లోపలికి లైటు కొడితే ఆ వెలుగు తిరిగొచ్చి మనిషి మీద పడుతుందన్నమాట. పరీక్షకు మోడల్ కావాలి గనక మా నానమ్మను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ ఇలాంటి అవకాశం కోసమే ఎదురు చూస్తున్నట్టు పట్టుచీర కట్టుకుని, గుండ్లగొలుసు పైకి తీసి వేసుకుని వచ్చింది.

సాఫ్ట్‌బాక్సు బిగించడానికే మధ్యాహ్నం దాటింది. దాని పుల్లలు విల్లులా వంచి రంధ్రాల్లో దూర్చాలి, ఒకటి దూరిస్తే ఇంకోటి ఊడుతుంది. ఊడిన పుల్లొకటి వెళ్ళి పిన్ని వంటింటి గట్టుమీద పప్పుగిన్నెలో నిలబడింది. అది అయ్యాక బ్యూటీ డిష్షు కోసం చూస్తే కనపడదు. ఇల్లంతా వెతికితే పెరట్లో అంట్లతో పాటు తోమి బోర్లించి ఉంది. "బియ్యం కడుగుదామని తీస్తే అడుగున అంత చిల్లుందేంట్రా? ఎవడు అంటగట్టాడు నీకీ గిన్నె?" అని పిన్ని నన్నే కోప్పడింది. (ఆ చిల్లులోంచే లైటు రావాలి. పిన్నికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.)

అన్నిటితోనూ నానమ్మను తీసి, ఫోటోలు చూపించాను. సాఫ్ట్‌బాక్సు ఫోటో చూసి నాకే కళ్ళు చెమర్చాయి. అంత మెత్తటి వెలుగు. ముడతలన్నీ మాయమై నానమ్మ పాతికేళ్ళు వెనక్కి వెళ్ళింది. నానమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని చూసి, మొహం మాడ్చుకుంది.

"గొలుసు మెరవట్లేదేంట్రా?"

మొహం ఎంత బాగుందో చూడు నానమ్మా అన్నాను.

"మొహానిదేముందిరా, అందరూ రోజూ చూస్తున్నదే. గొలుసు కనపడాలి."

వెండిగొడుగు ఫోటోలో గొలుసు గుండు గుండుకీ తళుక్కుమంది. అప్పుడు గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. తెల్లగుడ్డలోంచి వచ్చిన వెలుగు బంగారాన్ని కూడా మెత్తగా చేసేస్తుంది. మనవైపు పెళ్ళిలో పెళ్ళికూతురి నగలు మెరవకపోతే ఆ ఫోటోగ్రాఫర్ని ఊళ్ళో ఉండనిస్తారా? అంతే, వెండిగొడుగే ఖాయం చేసి, అలాంటిదే పెద్దది నాకోసం తెప్పించుకున్నాను. పడగ విప్పితే మా హాలు సగం ఆక్రమించేది.

పెళ్ళిరోజు పొద్దున్నే తెనాలినుంచి రేపల్లె ప్యాసింజర్ ఎక్కాం. గొడుగు సంచీ చూసి పక్క సీటాయన గాలమా అని అడిగాడు, వేమూరులో ఎక్కినాయన టెంటు హౌసా అన్నాడు, నేను ఓపిగ్గా ఇద్దరికీ వెలుగు గురించి పాఠం చెప్పాను. వాళ్ళు దిగిపోయేదాకా కిటికీలోకే చూస్తూ కూర్చున్నారు. మండపంలో పందిరి పక్కన స్టాండు నిలబెట్టి, లైటు బిగించి, గొడుగు విప్పాను. అందరూ ఆగి ఆగి చూస్తున్నారు. బాబాయి ఒక మూల కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, పాత కెమెరా, నెత్తిన పాత ఫ్లాషు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "దేనికైనా మంచిదని తెచ్చాను" అన్నాడు. అంటే నేను బోల్తా పడతానని ధీమా.

బాపట్ల వాళ్ళ బస్సు చెరుకుపల్లిలో టిఫిన్లకి ఆగి, కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చీరాగానే కాశీయాత్రకి సిద్ధం చేశారు. పెళ్ళికొడుకు నాకు పెళ్ళొద్దు, కాశీకి పోయి సన్యాసం పుచ్చుకుంటానని పంచె కట్టుకుని, పావుకోళ్ళు వేసుకుని, చేతికర్ర, గొడుగు పట్టుకుని బయల్దేరడం, బావమరిది ఎదురెళ్ళి బెల్లంముక్క నోట్లో పెట్టి, మా అక్కనిస్తాం వెనక్కి రండి బావగారూ అని బతిమాలడం, ఆయన గుమ్మం దాకా వెళ్ళి బుద్ధిగా తిరిగి రావడం, ఇదీ వరస. పంచె వచ్చింది, పావుకోళ్ళు వచ్చాయి, కర్ర వచ్చింది. పంతులుగారు "గొడుగేదండి?" అన్నారు. మీరు తెస్తారనుకున్నామండి అని బాపట్ల వాళ్ళు, అది మీవైపే ఆనవాయితీ కదండి అని రేపల్లె వాళ్ళు. అండీ అండీ అంటూనే గొంతులు పైకి లేస్తున్నాయి. ఎవరో ఆవిడ హ్యాండుబ్యాగులోంచి మడత గొడుగు తీసిచ్చింది. గులాబిరంగు, దానిమీద పిల్లిబొమ్మలు. పెళ్ళికొడుకు మేనత్త దాన్ని విప్పి చూసి, "మా వాడు కాశీకి వీటినేసుకుని వెళ్తాడా?" అని చేత్తో పిల్లుల్ని చూపించింది. ఇక గొడవ ముదిరేట్టే ఉంది. సరిగ్గా అప్పుడు పంతులుగారి చూపు నా వైపు తిరిగింది. నా వైపంటే నా వెనకవైపు.

"అదుగో, అంత పెద్ద నల్లగొడుగు పెట్టుకుని ఊరంతా వెతుకుతారేంటండి?"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అది గొడుగు కాదండి, గొడుగే గానీ ఎండకి కాదండి, దానికి పిడి కూడా లేదండి అని నీళ్ళు నమిలాను. పంతులుగారు వంగి లోపలికి చూసి, లోపల వెండి కూడా ఉంది, ఇంతకంటే శుభమేముందన్నారు. పిన్ని నా చెవిలో, మా అన్నయ్య పరువు నీ చేతుల్లో ఉందిరా అంది. ఇచ్చేశాను. పిడిలేని కడ్డీకి ఉత్తరీయం కొస చుట్టి పెళ్ళికొడుకు చేతికిచ్చారు. స్టాండు మీద నా లైటు బోడిగా మిగిలింది.

మేళం మొదలైంది. పెళ్ళికొడుకు గొడుగేసుకుని టకటకమంటూ బయటికి నడిచాడు. నేను వెనక్కి నడుస్తూ తీశాను. తీసింది చూసుకున్నాను. బయట మిట్ట ఎండ, గొడుగు కింద చీకటి, ఆ చీకట్లో పెళ్ళికొడుకు పళ్ళు తప్ప ఏమీ కనపడట్లేదు. మూలనుంచి బాబాయి లేచొచ్చి, "డైరెక్టుగా కొట్టరా" అంటున్నాడు. కొడితే నేను ఓడినట్టే, సోమవారంనుంచి చెవులే. దిక్కులు చూస్తుంటే ఎండలో గొడుగు లోపలి వెండి తళుక్కుమంది. గొడుగు కాశీకి పోతే పోయింది, లైటు దాని వెనక పోకూడదా? ప్లగ్గు అక్కర్లేని లైటు కదా. పరిగెత్తి స్టాండునుంచి ఊడబీకి తెచ్చి, పట్టుకోవడానికి ఎవరూ దొరక్క, ఎదురుగా ఉన్న బాబాయి చేతుల్లో పెట్టి, పెళ్ళికొడుకు ముందు నడుస్తూ గొడుగు లోపలికి పట్టు బాబాయ్ అన్నాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో, పాత కెమెరా మెళ్ళో వేలాడుతుండగా, నడుం వంచి, లైటు రెండు చేతులా పైకెత్తి, పీతలాగా పక్కకి పక్కకి నడవడం మొదలుపెట్టాడు.

టప్‌మని వెలిగింది. ఫోటో చూసుకుని నేను నోరు వెళ్ళబెట్టాను. గొడుగంతా వెండివెలుగు, ఆ వెలుగంతా పెళ్ళికొడుకు మొహం మీద. బుగ్గచుక్క, మీసం, మెడలో గొలుసు, అన్నీ చెక్కినట్టు వచ్చాయి. సంతోషం పట్టలేక, పెళ్ళికొడుక్కీ చూపించాను. అదే నేను చేసిన తప్పు.

పెళ్ళికొడుకు ఆ ఫోటో చూసి నిలబడిపోయాడు. పాపం, పుట్టి బుద్ధెరిగాక అంత అందంగా ఎవరూ ఆయన్ని తియ్యలేదట. "అన్నా, ఇంకొక్కటి" అన్నాడు. తీశాను. నడుస్తూ ఒకటి, వెనక్కి తిరిగి చూస్తూ ఒకటి, వైరాగ్యంతో ఆకాశం వంక చూస్తూ ఒకటి. గుమ్మం దాటాం, వీధి దాటాం. బెల్లంముక్క పట్టుకుని బావమరిది వెనకాల వస్తున్నాడు. పాపం వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసుకున్న మాటలన్నీ చెప్పాడు, ఈయన వినిపించుకుంటేగా. స్టేషను రోడ్డు మలుపులో ఒక ఆటో ఆగింది. ఎక్కడికండి అని అడిగాడు డ్రైవరు. మా పెళ్ళికొడుకు వైరాగ్యంలోంచి బయటికి రాకుండానే "కాశీకి" అన్నాడు. నేను స్టేషను దాకే వెళ్తానండి అన్నాడు డ్రైవరు, మర్యాదగా.

బావమరిది మొహంలో ఇప్పుడు ఆట లేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు మనిషి మీద మనిషిని పంపుతున్నారు. "బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా, రండి బావగారూ" అని నిజంగానే రోడ్డుమీద వంగాడు. కాశీయాత్రలో బావమరిది నిజంగా బతిమాలడం రేపల్లెలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఈయన ఆ బతిమాలుతున్న పోజు కూడా ఒకటి తియ్యమన్నాడు. అప్పుడు మండపంనుంచి పిన్ని ఆయాసపడుతూ వచ్చింది, పెళ్ళికూతురు చెప్పి పంపిన మాట మోసుకుంటూ.

"ఆయన్ని అక్కడే ఉండమనండి, అక్కడికొచ్చి గొడుగు నేను పుచ్చుకుని కాశీకి నేనే వెళ్తానంటోంది అమ్మాయి."

పెళ్ళికొడుకు పావుకోళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. ఆయన వెనక బావమరిది, నేను, అందరికన్నా వెనక నడుం పట్టేసిన బాబాయి.

ముహూర్తానికి అందుకున్నాం. హమ్మయ్య అని గొడుగు కోసం చెయ్యి చాస్తే పంతులుగారు దాన్ని ముడిచి తన సంచీ పక్కన పెట్టేసుకున్నారు. యాత్రకెళ్ళొచ్చిన గొడుగు దానం కిందికి వస్తుందట, వెనక్కి తీసుకుంటే పెళ్ళికొడుక్కి మంచిది కాదట. ఆ మాట వినగానే మేనత్త నా వంక ఒక చూపు చూసింది. ఇక అడిగే దమ్ము నాకేదీ? ఎదురుగా పెళ్ళికూతురు ఒంటినిండా నగలతో వచ్చి కూర్చుంది. నా దగ్గరేమో బోడి లైటు. జీలకర్ర బెల్లం పెట్టే వేళయింది. నేను పందిరి మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, దండం పెట్టి, "పంతులుగారూ, గొడుగు మీదేనండి. కాదనట్లేదు. మీరే ఉంచుకుని, మీరే కాస్త విప్పి పట్టుకోండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, శాస్త్రంలో అడ్డేమీ లేనట్టుందని విప్పారు.

ఆ పెళ్ళి చూడాలి మీరు. పందిట్లో పంతులుగారు ఎడంచేత్తో పెద్ద వెండిగొడుగు వంచి పట్టుకుని మంత్రాలు చదువుతున్నారు. పక్కన చాపమీద మా బాబాయి లైటెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి ఎండదెబ్బ తగిలిందేమోనని ఎవరో మజ్జిగ తెచ్చారు. మంత్రానికీ మంత్రానికీ మధ్య పంతులుగారు "ఇంకాస్త వంచమంటావా నాయనా?" అని అడుగుతున్నారు. మాంగల్యధారణప్పుడు వెనకనుంచి వేసిన అక్షింతలన్నీ గొడుగులో పడి జారి ఆయన ఒళ్ళోకే వెళ్ళాయి, ఆ రోజు అందరికన్నా ఎక్కువ ఆశీర్వచనం ఆయనకే దక్కింది. ఫోటోల్లో పెళ్ళికూతురి నగల్లో ప్రతి రాయీ మెరిసింది. నానమ్మ వాటిని చూసి, ఏ నగ ఎవరు పెట్టిందో వరసగా చెప్పేసింది. నా ఫోటోలకి అంతకన్నా గొప్ప మెచ్చుకోలు రాలేదు, ఇకముందు రాదు కూడా.

సోమవారం నేను స్టూడియోకి వెళ్ళేసరికి బాబాయి పాస్‌పోర్టు స్టూలు ముందు కెమెరా పెట్టుకుని, ఎవరికో చెవులు కనపడేట్టు తల తిప్పుతున్నాడు. నా వంక చూడకుండానే, "ఆ పంతులుగారు ఫోన్ చేశారు. వచ్చే వారం పెళ్ళికి గొడుగు తెస్తాను, లైటు తెమ్మన్నారు" అన్నాడు. అలా నాకు "పాస్‌పోర్టు" అనే పేరు పోయింది. "గొడుగు" అనే పేరు వచ్చింది. ఈ తాలూకాల్లో ముహూర్తాలు పెట్టించుకోవడానికి వెళ్ళినవాళ్ళని పంతులుగారు, ఫోటోలకి గొడుగు అబ్బాయిని చెప్పారా అని ఇప్పటికీ అడుగుతారు.

నా పెళ్ళికి కూడా ఆయనే. ఆ గొడుగే, వెండి అక్కడక్కడా లేచిపోయింది. నేను గొడుగేసుకుని గుమ్మంలో నిలబడితే, నానమ్మ ఫోటో అనగానే గుండ్లగొలుసు పైకి తీసుకుని వచ్చి గొడుగు కిందికి దూరింది. లైటు గొడుగులోకి పట్టండి అని నేను అరుస్తున్నా వినకుండా, మనింటి పెళ్ళి నేనే తీస్తానని బాబాయి పాత కెమెరాతో మొహాల మీదికి డైరెక్టుగా కొట్టేశాడు.

ఆ ఫోటో ఇప్పుడు నా స్టూడియో గోడమీద ఉంది. నా మొహం సున్నం కొట్టినట్టుంది, వెనక నా నీడ ఇంకో పెళ్ళికొడుకులా నిలబడింది. చూసినవాళ్ళు ఇది మీరు తీసింది కాదు కదండి అంటారు. నానమ్మ ఇప్పుడు లేదు. గొలుసు పిన్ని మెళ్ళోకి వచ్చింది, దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను. మొహమే చూడాలంటే ఆ ఫోటో దగ్గరికి వెళ్ళాలి. బాబాయి కొట్టిన ఆ మొరటు వెలుగులో నానమ్మ మొహంమీది ముడతలన్నీ, ఒక్కటి కూడా తప్పిపోకుండా, ఉన్నాయి. వాటిని మాయం చేసే లైటు కోసం గోతాం మోసుకుని బాపట్ల దాకా వెళ్ళొచ్చిన ఆ తెలివైన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది.